పదిహేను మంది తల్లిదండ్రులు, ఒక మినిట్స్ బుక్కు: మా సర్కారు బడి యాజమాన్య కమిటీపై సమీక్ష

వరంగల్ తూర్పు వైపున ఉన్న ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో 2024 జనవరి 29న ఎన్నికైన యాజమాన్య కమిటీ పనితీరుపై, ఆ బడిలోనే కూతురిని చదివిస్తున్న వ్యక్తిగా రాస్తున్న సమీక్ష ఇది. బడి పేరు రాయకపోవడానికి కారణం ఉంది. ఇక్కడ చెప్పబోయే లోపాల్లో చాలా వరకు ఆ ఒక్క బడికి పరిమితమైనవి కావు, పేరు రాస్తే నింద మాత్రం అక్కడి ఉపాధ్యాయుల మీదనే పడుతుంది. అందరూ ఎస్‌ఎంసీ అని పిలిచే ఈ కమిటీ అంటే చాలామందికి గుర్తొచ్చేది జెండా పండుగ నాడు వేదిక మీద చైర్మన్ కోసం వేసే కుర్చీ ఒక్కటే. సర్కారు బడిలో పిల్లల తల్లిదండ్రులకు దొరికే సౌకర్యాల్లో అత్యంత విలువైనది ఈ కమిటీయేనని, అన్నిటికంటే తక్కువగా వాడుకుంటున్నది కూడా దీన్నేనని నా అభిప్రాయం.

ముందుగా ఈ కమిటీ నుంచి మనం ఏం ఆశించవచ్చో తెలియాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం, కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది ఆ బడి పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి, వెనుకబడిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యకు తగిన చోటు దక్కాలి. మన దగ్గర తరగతికి ముగ్గురిని ఎన్నుకుంటారు, వాళ్లలో ఇద్దరు మహిళలు. ఐదు తరగతుల ప్రాథమిక పాఠశాలకు అలా పదిహేను మంది వస్తారు. చైర్‌పర్సన్‌ను, వైస్ చైర్‌పర్సన్‌ను వాళ్లే తమలోంచి ఎన్నుకుంటారు. ప్రధానోపాధ్యాయులు సభ్య కన్వీనర్‌గా ఉంటారు. కార్పొరేటరో వార్డు సభ్యుడో, అంగన్‌వాడీ టీచర్, ఏఎన్‌ఎం వంటివారు హోదా రీత్యా వస్తారు. బడి నడిచే తీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో చూడడం కమిటీకి చట్టం అప్పగించిన పనులు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లోనే విద్యా కమిటీల కోసం ఒక చట్టం వచ్చింది కాబట్టి, బడి వ్యవహారాల్లో తల్లిదండ్రులకు మాట ఉండాలన్న ఆలోచన మనకు నిన్న మొన్నటిది కాదు.

ఇక ఎన్నిక సంగతి. 2019 చివర్లో ఎన్నికైన పాత కమిటీల గడువు రెండేళ్లే అయినా, కరోనా వల్ల కొంత, పట్టించుకోకపోవడం వల్ల కొంత, మళ్లీ ఎన్నికలు జరిగేసరికి 2024 వచ్చింది. ఆలోగా 2022లో సర్కారు బడులను బాగుచేసే ‘మన ఊరు – మన బడి’ కార్యక్రమం మొదలైంది. తొలి విడతలో రాష్ట్రమంతటా 9,123 బడులను ఎంపిక చేసి, పనులు చేయించే బాధ్యతను యాజమాన్య కమిటీలకే ఇచ్చారు. ఆలోచన మంచిదే. కానీ బిల్లులు సకాలంలో రాక, సొంత డబ్బో అప్పు తెచ్చిన డబ్బో పెట్టి పనులు చేయించిన చైర్మన్లు చాలాచోట్ల కార్యాలయాల చుట్టూ తిరిగారు. దాని ప్రభావం 2024 ఎన్నికల రోజు మా బడిలో స్పష్టంగా కనిపించింది. పోటీకి రమ్మంటే తండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ‘‘బిల్లులకోసం తిరుగుడు మనతోని కాదు’’ అన్న మాట ఆ వరండాలో ఎన్ని నోళ్ల నుంచి వచ్చిందో! చివరికి ఎక్కువ తరగతుల్లో పోటీ లేకుండానే పేర్లు ఖరారయ్యాయి, చేతులెత్తే అవసరం కూడా రాలేదు.

ఆ రోజు సోమవారం. జనవరి చివరంటే ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు రావడం మొదలయ్యే కాలం. మా బడి పిల్లల తల్లుల్లో చాలామంది అక్కడ తాలుకాయ ఏరే పనికో, బస్తాలు ఎత్తే చోట ఊడ్చే పనికో వెళ్లేవారే. వాళ్లకు ఉదయం పూట ఎన్నిక అంటే ఒక రోజు కూలి పోగొట్టుకోవడమే. కోరం కోసం ఉపాధ్యాయులు ఫోన్లు చేసి, పిల్లలను ఇళ్లకు పంపి తల్లులను పిలిపించాల్సి వచ్చింది. వచ్చిన తల్లుల్లో కొందరు చేతులకు మిర్చి ఘాటు ఇంకా పోకముందే, కొంగుతో ముఖం తుడుచుకుంటూ సంతకం చేసి, అదే ఆటోలో వెనక్కి వెళ్లిపోయారు. సాధారణ ఎన్నికలకు సెలవు ఇచ్చే ప్రభుత్వం, బడి కమిటీ ఎన్నికను ఒక ఆదివారం ఉదయం పెట్టడానికి ఎందుకు వెనకాడుతుందో నాకు అర్థం కాదు. సేవ ఎంత మంచిదైనా అది అందే వేళ మనకు కుదరనప్పుడు సగం విలువ అక్కడే పోతుంది.

ఇన్ని అవాంతరాల మధ్య ఏర్పడినా, కమిటీ కొన్ని పనులు నిజంగా బాగా చేసింది. ముఖ్యంగా మధ్యాహ్న భోజనం విషయంలో. మన రాష్ట్రంలో పిల్లలకు వారానికి మూడు గుడ్లు పెట్టాలి. చలికాలంలో గుడ్డు ధర పెరిగినప్పుడు మా బడిలో అవి రెండయ్యాయి, ఒక వారమైతే ఒకటే అయింది. ఇంతకుముందైతే పిల్లలు ఇంటికొచ్చి చెప్పేవారు, మనం విని ఊరుకునేవాళ్లం. ఈసారి చైర్‌పర్సన్‌గా ఎన్నికైన ఒక తల్లి, గుడ్డు పెట్టాల్సిన రోజుల్లో భోజనం వేళకు వచ్చి వడ్డించే చోట నిలబడడం మొదలుపెట్టారు. ఆమె ఎవరినీ దబాయించలేదు. హాజరు పట్టికలో ఆ రోజు ఎందరు పిల్లలున్నారో సారును అడిగి, గిన్నెలో ఉన్న గుడ్లను లెక్కపెట్టి, రెండు అంకెలనూ ఒక చిన్న నోటుబుక్కులో పక్కపక్కన రాసుకునేవారు.

కొన్ని రోజులకు అసలు విషయం తెలిసింది. వంట ఏజెన్సీ మహిళలు దొంగతనం ఏమీ చేయడం లేదు. వాళ్లకు రావాల్సిన బిల్లులు నెలల తరబడి ఆగిపోయాయి, కిరాణా దుకాణంలో ఖాతా పెరిగిపోయింది, ప్రభుత్వం గుడ్డుకు ఇచ్చే రేటు బయటి ధరకు చాలడం లేదు. ఇది తెలిశాక కమిటీ వాళ్ల మీద ఫిర్యాదు రాయాలనుకున్న ఆలోచన మానుకుని, బిల్లులు విడుదల చేయాలని మండల విద్యాధికారికి తీర్మానం పంపింది. తీర్మానానికి ఆ నోటుబుక్కులోని లెక్కలను కూడా జతచేశారు. బిల్లుల్లో కొంత భాగం వచ్చింది, గుడ్లు మళ్లీ మూడయ్యాయి. బిల్లులు ఎలాగూ ఆ నెలలోనే వచ్చేవని వాదించేవారూ ఉన్నారు, కావచ్చు. వంట చేసేవారికీ పిల్లల తల్లులకూ మధ్య జరగబోయిన గొడవ జరగకుండా పోయిందన్నది మాత్రం నిజం. తాగునీటి ట్యాంకు కడిగించడం, మూత్రశాలకు తలుపు పెట్టించడం వంటి పనుల్లో కూడా కమిటీకి మంచి మార్కులే వేస్తాను, వాటి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు.

కాగితం దగ్గరకు వచ్చేసరికి కథ మారుతుంది. సమావేశం ఎప్పుడు పెట్టాలి, ఎజెండాలో ఏం ఉండాలి, మినిట్స్ బుక్కులో ఏం రాయాలి అన్నవన్నీ ఆచరణలో కన్వీనర్ అయిన హెచ్‌ఎం చేతిలోనే ఉంటాయి. కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నిబంధనల్లో కమిటీ నెలకు ఒకసారైనా కూర్చోవాలని, తీర్మానాలను ప్రజలకు అందుబాటులో ఉంచాలని ఉంది. మా బడిలో తొలి ఏడాది జరిగిన సమావేశాల్లో చాలా వరకు పైనుంచి ఏదో ఒక నివేదిక అడిగినప్పుడు పెట్టినవే. వాట్సాప్‌లో ముందురోజు సాయంత్రం కబురు వచ్చేది, వెళ్లేసరికి తీర్మానం రాసి ఉండేది, కింద సంతకాలకు గళ్లు గీసి ఉండేవి. ఇందులో హెచ్‌ఎంకు దురుద్దేశం ఉందని నేను అనను. ఒకపక్క పాఠం చెబుతూ, ఇంకోపక్క యాప్‌లలో భోజనం వివరాలు, హాజరు, యూనిఫాం కొలతలు నింపే మనిషికి సమావేశం కూడా ఒక నివేదికగానే కనిపిస్తుంది. ఆ అలవాటుకు అడ్డుపడింది మూడో తరగతి నుంచి ఎన్నికైన ఒక తల్లి. ఆమె అంతగా చదువుకోలేదు. పుస్తకం తన ముందుకు జరిపినప్పుడు కలం అందుకోకుండా, ‘‘సంతకం పెట్టుమంటె పెడ్తం సారూ, గని గండ్ల ఏం రాసిండ్రో జర సదివి ఇనిపియ్యిండ్రి’’ అన్నారు. సారు చదివి వినిపించారు. వినిపించాక ఇద్దరు సభ్యులు రెండు ప్రశ్నలు అడిగారు, ఒక వాక్యం కొట్టేసి తిరగరాయాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి చదివి వినిపించాకే సంతకాలు తీసుకోవడం మా బడిలో ఆనవాయితీ అయింది. రెండేళ్లలో ఈ కమిటీ సాధించినదాన్లో ఇదే పెద్దదని నేను అనుకుంటాను.

నిధుల విషయంలో నాకు అసంతృప్తి ఎక్కువ. సమగ్ర శిక్ష పథకం కింద బడికి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. ముప్పై మంది లోపు ఉంటే రూ.10,000, వంద లోపు ఉంటే రూ.25,000, ఆపైన 250 దాకా రూ.50,000. మా బడిలో నూటికి పైగా పిల్లలున్నారు కాబట్టి యాభై వేలు రావాలి, అందులో కనీసం పది శాతం పరిశుభ్రతకు ఖర్చు చేయాలి. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చిన్న చిన్న రిపేర్లు అన్నీ దీంట్లోంచే. నమూనా నిబంధనల ప్రకారం జమా ఖర్చుల వార్షిక లెక్క తయారు చేయాల్సింది కమిటీయే. మా కమిటీ ఆ లెక్కను తయారు చేయలేదు, తయారైన లెక్క మీద సంతకం చేసింది. డబ్బు తప్పుదారి పట్టిందని కాదు, పట్టలేదనే నా నమ్మకం. గ్రాంటు ఎంత వచ్చింది, ఏ తేదీన వచ్చింది, దేనికి పోయింది అన్న మూడు వరుసలను నోటీసు బోర్డు మీద రాయించడానికి కూడా పదిహేను మంది సభ్యులకు చొరవ లేకపోయిందన్నదే నా బాధ. గుడ్లు లెక్కపెట్టిన చేతులు వోచర్ల దగ్గర ఆగిపోయాయి. బహుశా గుడ్డు కంటికి కనిపిస్తుంది, వోచర్ ఎలా చదవాలో ఎవరూ నేర్పలేదు. సభ్యులకు శిక్షణ పేరుతో జరిగిన కార్యక్రమంలో కరపత్రం ఇచ్చి, ఉపన్యాసం చెప్పి, టీ తాగించి పంపేశారని వెళ్లివచ్చినవారు చెప్పారు.

అభివృద్ధి ప్రణాళికదీ అదే గతి. చట్టం 22వ సెక్షన్ ప్రకారం బడికి ఏం కావాలో కమిటీయే ప్రణాళిక రాయాలి. మూడేళ్లకు కలిపి ఒకటి, దానిలో ఏడాదికొకటి చొప్పున మూడు ఉపప్రణాళికలు. కమిటీ ఏర్పడిన ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే అది సిద్ధం కావాలని నమూనా నిబంధన. అంటే డిసెంబరు 31 నాటికి. ఎన్నికలే జనవరి 29న పెడితే, కమిటీ పుట్టేటప్పటికే గడువు నెల రోజుల కిందట దాటిపోయింది. ఈ చిన్న విషయం ఎన్నికల తేదీ నిర్ణయించినవారికి తట్టలేదో, ప్రణాళిక ఎవరు రాస్తార్లే అనుకున్నారో తెలియదు. కమిటీ వ్యవస్థను పైన ఎంత శ్రద్ధగా చూస్తున్నారో చెప్పడానికి నాకు ఈ ఒక్క తేదీ చాలు.

ఉపాధ్యాయుల నియామకం, బదిలీ, సెలవులు, సిలబస్ వంటివి కమిటీ పరిధిలో లేవు. కాబట్టి టీచర్ కొరత తీరలేదని కమిటీని తప్పుపట్టడం సరికాదు. 2024 అక్టోబరులో డీఎస్సీ నియామకాలతో మా బడికి ఒక కొత్త టీచర్ వచ్చారు, ఆ ఘనతను కమిటీ ఖాతాలో వేసుకోవడమూ సరికాదు. కానీ ఒక చోట కమిటీ నోరు విప్పాల్సింది, విప్పలేదు. 2024 నవంబరులో ఇంటింటి కులగణన సర్వేకు, ప్రాథమిక తరగతులకు పాఠాలు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లను పంపి, ప్రాథమిక పాఠశాలలను ఒంటిపూట నడిపారు. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప బోధనేతర పనులకు టీచర్లను వాడరాదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది, ఆ నియమం అమలవుతోందా అని చూడడం కమిటీ బాధ్యతల్లో ఒకటిగా నమూనా నిబంధనల్లో ఉంది. సర్వే అవసరమే కావచ్చు, దాని మీద నాకు అభ్యంతరం లేదు. మధ్యాహ్నం ఇళ్లకు వచ్చేసే పిల్లలను కూలికి వెళ్లిన తల్లిదండ్రులు ఎవరికి అప్పగించాలన్న ప్రశ్ననైనా తీర్మానంగా రాసి పంపి ఉంటే, అది కమిటీ పని చేసినట్టు అయ్యేది.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ కమిటీలు ఎన్నికైన కొన్ని వారాలకే ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను తెచ్చింది. తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్నపాటి మరమ్మతుల పనులను వాటికి అప్పగించింది. వాటికి అధ్యక్షురాలు మహిళా సంఘాల సమాఖ్య నాయకురాలు. తల్లులు సభ్యులుగా ఉంటారు, హెచ్‌ఎం ఇక్కడా కన్వీనరే. మహిళా సంఘాలకు లెక్కలు రాసే అనుభవం, బ్యాంకు లావాదేవీలు నడిపిన అలవాటు ఉన్నాయి, పనులు వేగంగా జరిగాయన్నదీ నిజమే. మా బడిలో ఫ్యాన్లు తిరగడం, కుళాయిల్లో నీళ్లు రావడం ఆ వేసవి పనుల పుణ్యమే. అయితే ఆ అధ్యక్షురాలి పిల్లలు ఆ బడిలో చదువుతూ ఉండాలన్న షరతు లేదు, ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఆ బడి తల్లిదండ్రుల ఓటు కాదు. ఓటుతో వచ్చిన కమిటీ దగ్గర బాధ్యతల జాబితా మిగిలింది, హోదాతో వచ్చిన కమిటీ దగ్గరకు డబ్బు చేరింది. మూత్రశాల పైపు పగిలితే ఎవరిని అడగాలో తెలియక తల్లులు రెండు కమిటీల మధ్య తిరగడం నేను చూశాను. ఇద్దరూ మంచివారే, ఇద్దరూ ‘‘అది వాళ్లది’’ అన్నారు.

పోలిక కోసం మరీ దూరం పోనక్కర్లేదు. గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లిలో తాగునీటికో కమిటీ, ఆరోగ్యానికో కమిటీ, చదువుకో కమిటీ అని ఊరివాళ్లే పనులు పంచుకుని నడిపిన తీరు అందరికీ తెలిసిందే, 2007లో ఆ ఊరికి నిర్మల్ గ్రామ్ పురస్కారం కూడా వచ్చింది. అక్కడ కమిటీలకు బలం జీవోల నుంచి వచ్చింది కాదు, జమా ఖర్చులు ఊరి ముందు పెట్టే అలవాటు నుంచి వచ్చింది. దూరపు పోలిక కావాలంటే, మన హన్మకొండ, కాజీపేటల నుంచి వెళ్లి స్థిరపడినవారిని అడిగినా చెబుతారు, అమెరికాలో బడుల బోర్డులకు కౌన్సిలర్లకు జరిగినట్టే ఎన్నికలు జరుగుతాయి. షికాగోలోనైతే 1988 నాటి సంస్కరణ చట్టంతో ఒక్కో బడికి ఒక్కో స్థానిక కౌన్సిల్ ఏర్పడింది, ఆరుగురు తల్లిదండ్రులు ఉండే ఆ కౌన్సిల్‌కు ప్రిన్సిపాల్‌ను ఎంపిక చేసే అధికారం, బడి బడ్జెట్‌ను ఆమోదించే అధికారం ఉన్నాయి. అంత అధికారం మనకు ఇప్పుడే కావాలని నేను కోరను. మన దగ్గర ఉపాధ్యాయ నియామకాల్లో ఊరి రాజకీయాలు చొరబడితే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అయితే తన బడికి వచ్చిన యాభై వేల మీద తన మాట చెల్లని ఎన్నికైన సభ్యురాలిని ఎన్నుకోవడం ఎందుకన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఆన్‌లైన్ సమీక్షల పద్ధతిలో నక్షత్రాలు ఇవ్వమంటే, కంటితో చూసే పనుల్లో ఐదుకు నాలుగు, కాగితం పనుల్లో ఐదుకు ఒకటిన్నర ఇస్తాను. ఆ అర నక్షత్రం మూడో తరగతి తల్లికి. ఎన్నిక నిర్వహించిన తీరుకు మార్కులు వేయడం నాకు ఇష్టం లేదు.

సర్కారు బడిలో పిల్లలున్నవారికి నా సిఫారసు సూటిగా చెబుతాను: వచ్చే ఎన్నికలో మీ తరగతి నుంచి నిలబడండి. బిల్లుల భయం ఉంటే, సొంత డబ్బు పెట్టి ఏ పనీ చేయించబోమని తొలి సమావేశంలోనే తీర్మానం రాయించుకోండి. సమావేశాన్ని కూలి వేళలు దాటాక సాయంత్రం పెట్టమని అడగండి, హెచ్‌ఎంలలో చాలామంది కాదనరు. వోచర్లు చదవగలిగిన ఒక తండ్రినో తల్లినో వైస్ చైర్‌పర్సన్‌గా ఎన్నుకోండి. చదువుకున్నవారు దొరకకపోతే విద్యావేత్తలను, పూర్వ విద్యార్థులను కోఆప్షన్ సభ్యులుగా తీసుకునే వీలుంది, పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగి ఒకరు వీధికొకరు దొరుకుతారు. అమ్మ ఆదర్శ కమిటీ చేసే ఖర్చుల వివరాలు కూడా యాజమాన్య కమిటీ సమావేశంలో చదవాలని మా బడిలో ఈ మధ్యే ఒక తీర్మానం పెట్టారు. సమాఖ్య అధ్యక్షురాలు అభ్యంతరం చెప్పలేదు, హెచ్‌ఎం రాసుకున్నారు, తొలి లెక్క వచ్చే సమావేశంలో చదవాల్సి ఉంది.